టెక్ సందేహాలు: కారులో కంపెనీ అంటించిన స్టిక్కర్లు పీకేయొచ్చా?

ప్రశ్న: కొత్త కారు కొన్నాం. డ్రైవర్ పక్క సీటు ముందున్న సన్ వైజర్ మీద పసుపు రంగు ఎయిర్‌బ్యాగ్ హెచ్చరిక అంటించి ఉంది. చూడ్డానికి అస్సలు బాగాలేదు. మా అబ్బాయి గోరుతో పీకబోతే మూల చిరిగింది. మచ్చ పడకుండా మొత్తం తీయడం ఎలా? తీస్తే వారంటీ పోతుందా? – కావలి నుంచి ఒక పాఠకుడు

జవాబు: మూల చిరిగిందంటే మీది అంటించిన లేబులే. కొన్ని కార్లలో ఇదే హెచ్చరికను వైజర్ మీద నేరుగా అచ్చు వేస్తారు. వేలితో తడిమితే అంచు తగలదు. అలాంటిదాన్ని ఏం రాసి రుద్దినా పోదు, వైజర్ బట్టే పాడవుతుంది. అంచు గోరుకు తగిలితేనే తీసే మాట.

ఎలా తీయాలో చెప్పేముందు, అది అక్కడ ఎందుకుందో ఒకసారి చదవండి. బొమ్మలో వెనక్కి తిరిగి ఉన్న పసిపిల్లల సీటు, దాని మీద అడ్డగీత ఉంటాయి. ఆ సీటును ముందు పెడితే దాని వీపు సరిగ్గా డ్యాష్‌బోర్డు వైపు ఉంటుంది, బిడ్డ తల ఆ వీపుకే ఆని ఉంటుంది. గుద్దుకున్నప్పుడు ఎయిర్‌బ్యాగ్ సెకనులో ముప్పయ్యో వంతు, ఆ చుట్టుపక్కల సమయంలోనే ఉబ్బిపోతుంది. ఆ దెబ్బ నేరుగా సీటు వీపు మీద, అంటే బిడ్డ తల వెనక పడుతుంది. అందుకే ఐక్యరాజ్యసమితి వాహన నిబంధనల్లో 94వది ఈ హెచ్చరికను వైజర్‌కు రెండు వైపులా, ఎప్పుడూ ఒకటైనా కనబడేలా, శాశ్వతంగా అంటించాలని చెబుతుంది. మన దేశంలో ముందు సీటు ప్రయాణికుడికి కూడా ఎయిర్‌బ్యాగ్ తప్పనిసరి అయింది 2021లోనే. కాబట్టి చాలా ఇళ్లకు ఈ బొమ్మ ఇంకా కొత్త.

మీకు తెలుసు, సరే. కానీ తిరుపతి వెళ్లేటప్పుడు చంటిబిడ్డను ఒళ్లో పెట్టుకుని ముందు సీట్లో కూర్చునేది మీరు కాదు, మీ అత్తయ్యో పిన్నిగారో. ఆ స్టిక్కర్ రాసింది వాళ్ల కోసం. మోటారు వాహనాల చట్టం 194బి ప్రకారం పద్నాలుగేళ్ల లోపు పిల్లలను బెల్టుతో గానీ, పిల్లల సీటుతో గానీ కట్టి ఉంచకపోతే 1000 రూపాయల జరిమానా. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం ఆ లెక్కలోకి రాదు. నన్నడిగితే ఈ ఒక్కటి వదిలేయండి. చిరిగిన మూలను కొంచెం వేడి చేసి వేలితో అద్దితే మళ్లీ అంటుకుంటుంది.

ఇక వారంటీ. స్టిక్కర్‌కీ ఇంజిన్ వారంటీకీ సంబంధం లేదు. కానీ గీకేటప్పుడు వైజర్ చిరిగితే ఆ ఖర్చు మీదే, కంపెనీ ఇవ్వదు.

తీయదగ్గవి వేరే ఉన్నాయి: షోరూమ్ వాళ్లు వెనక అద్దానికి అంటించిన పేరు, డ్యాష్‌బోర్డు మీది ప్రచార స్టిక్కర్లు, స్క్రీన్ మీది ప్లాస్టిక్ పొర. వాటికి పద్ధతి ఒకటే. ఈ జిగురు వేడికి మెత్తబడుతుంది, చల్లగా ఉంటే బిర్రుగా పట్టుకుని లేబుల్‌ను ముక్కలు చేస్తుంది. హెయిర్ డ్రైయర్‌ను జానెడు దూరంలో పెట్టి, ఒకచోటే ఆపకుండా ఒకటి రెండు నిమిషాలు ఆడించండి. రోహిణి కార్తెలో రోళ్లు పగులుతాయంటారు కదా, ఆ ఎండల్లో మన నెల్లూరు వైపు డ్రైయరే అక్కర్లేదు, మధ్యాహ్నం ఓ గంట బయట ఆపితే చాలు. తర్వాత పాత ఏటీఎం కార్డు అంచుతో మూల లేపి, స్టిక్కర్‌ను దాని మీదకే మడిచినట్టు పట్టుకుని మెల్లగా లాగండి. పైకి నిలువుగా లాగితే కాగితం వస్తుంది, జిగురు మిగులుతుంది.

మిగిలిన జిగురుకు మొబైల్ రిపేర్ వాళ్లు బోర్డులు తుడిచే ఐసోప్రొపైల్ ఆల్కహాల్ బాగా పనిచేస్తుంది. గుడ్డకు అద్ది తుడవండి, నేరుగా పోయకండి. ముందు కనబడని చోట కాస్త రుద్ది చూడండి. గట్టి ప్లాస్టిక్ మీదైతే కొబ్బరినూనె రాసి పావుగంట ఆగి, సబ్బునీళ్లతో తుడిచినా పోతుంది. బట్ట మీద మాత్రం నూనె వద్దు, ఆ మరక స్టిక్కర్ కంటే అన్యాయంగా ఉంటుంది. థిన్నర్, నెయిల్ పాలిష్ రిమూవర్ అసలు తేవద్దు. వాటిలోని అసిటోన్ డ్యాష్‌బోర్డు ప్లాస్టిక్‌ను కరిగిస్తుంది. పెట్రోలు గుడ్డతో తుడిచే మెకానిక్కులు ఇంకా ఉన్నారు. తలుపులు మూసిన కారులో ఆ ఆవిరి నిప్పుకు సిద్ధంగా ఉంటుంది. వెనక అద్దం మీద సన్నటి గీతలుంటే అవి మంచు కరిగించే హీటర్ తీగలు. అక్కడ బ్లేడు పెడితే తీగ తెగుతుంది.

ప్రశ్న: సెకండ్‌హ్యాండ్ కారు కొన్నాను. పెయింట్ వేయించబోతుంటే డ్రైవర్ డోరు పక్కనున్న స్టిక్కర్లు, బానెట్ కింది స్టిక్కర్లు అన్నీ పీకేస్తానంటున్నాడు పెయింటర్. సరేననాలా? – ఒంగోలు నుంచి

జవాబు: వద్దు. టేపు వేసి కప్పి పెయింట్ వేయమనండి, అదేమీ కష్టమైన పని కాదు. డోరు దగ్గరున్నది టైర్లలో గాలి ఎంత ఉండాలో చెప్పే పట్టిక. ఇద్దరున్నప్పుడు ఒక లెక్క, సామానుతో నిండుగా ఉన్నప్పుడు ఇంకో లెక్క. అదీ టైర్లు చల్లగా ఉన్నప్పుడు చూడాల్సింది. హైవే మీద చెన్నై నుంచి వచ్చి ఆగగానే వేడి టైర్లలో గాలి చూపించి, ఎక్కువుందని తీసేయించేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

బానెట్ కింద ఉన్నవాటిలో ఏసీ గ్యాస్ లేబుల్ మరీ ముఖ్యం. ఏ గ్యాస్, ఎన్ని గ్రాములు అన్నది దాని మీదే ఉంటుంది. పాత కార్లలో ఆర్-134ఎ, కొన్ని కొత్త కార్లలో ఆర్-1234వైఎఫ్. ఒకదాని బదులు ఇంకొకటి నింపకూడదు, తూకం తప్పినా చల్లదనం తగ్గుతుంది. లేబుల్ లేకపోతే మెకానిక్ అందాజుగా నింపుతాడు. ఛాసిస్ నంబరు ఉన్న ప్లేటు జోలికైతే అసలు పోవద్దు. ఆర్సీలో ఉన్నదీ, బండి మీద ఉన్నదీ ఒకటేనా అని రేపు కొనేవాడూ చూస్తాడు, ఇన్సూరెన్స్ సర్వేయరూ చూస్తాడు.

ఇంకో మాట, మీరు అడగకపోయినా. సీటు పక్క కుట్టులో ‘ఎయిర్‌బ్యాగ్’ అని చిన్న గుడ్డ ముక్క ఉంటే, ఆ సీటులోపలే సైడ్ ఎయిర్‌బ్యాగ్ ఉందని అర్థం. సీటు కవర్ల షాపులో దాన్ని కత్తిరించి మొత్తం కప్పేస్తే బ్యాగ్ బయటికి వచ్చే దారి మూసుకుపోతుంది. ఆ వైపు తెరిచి ఉంచే కవర్లు దొరుకుతాయి, అడిగి వేయించుకోండి.

ప్రశ్న: కారు స్టార్ట్ చేసిన ప్రతిసారీ స్క్రీన్ మీద ఏదో హెచ్చరిక వచ్చి ‘ఓకే’ నొక్కమంటుంది. తీసేసే సెట్టింగ్ ఉందా? – సింగరాయకొండ నుంచి

జవాబు: సెట్టింగ్స్‌లో ఉంటే ఉన్నట్టు, లేకపోతే లేదు. చాలా కార్లలో కొన్ని సెకన్లు ఊరుకుంటే అదే పోతుంది. దీనికోసం ఎవరో పెన్‌డ్రైవ్‌లో తెచ్చిన సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే, మధ్యలో ఆగిందంటే స్క్రీన్ మొత్తం నల్లబడుతుంది. దాంతోపాటే రివర్స్ కెమెరా కూడా పోతుంది.

ప్రశ్న: బెల్టు పెట్టుకోకపోతే వచ్చే కూత భరించలేకపోతున్నాం. బెల్టు పెట్టుకోకుండానే కూత ఆగేలా బకిల్‌లో గుచ్చే క్లిప్ ఆన్‌లైన్‌లో దొరకడం లేదు. ఎక్కడ కొనాలి? – చీమకుర్తి నుంచి

జవాబు: దొరకదు. 2023 మేలో కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ అమెజాన్, ఫ్లిప్‌కార్ట్ సహా ఐదు సైట్లకు ఆ క్లిప్పులు తీసేయమని ఆదేశించింది. ఎయిర్‌బ్యాగ్ పనిచేసేది బెల్టుతో కలిసి. బెల్టు లేని మనిషి బ్రేకు పడగానే ముందుకు తూలి బ్యాగ్‌కు మరీ దగ్గరగా వెళ్తాడు, అది తెరుచుకున్నప్పుడు కొట్టేది ఆ మనిషినే. క్వారీ దాకా రెండు కిలోమీటర్లే కదా అంటారేమో. బెల్టు పెట్టుకుంటే కూత ఎలాగూ ఆగుతుంది. పెట్టుకున్నా కూత వస్తుంటే మాత్రం బకిల్‌లో దుమ్ము చేరి ఉంటుంది, మీ ఊళ్లో గ్రానైట్ పొడికి అది మామూలే. సర్వీస్ సెంటర్‌లో శుభ్రం చేయించండి, నీళ్లు పోయకండి.