యూనిఫాం తనిఖీ పేరుతో వ్యాఖ్యలు

ప్రశ్న: నేను ఒక బట్టల దుకాణంలో సేల్స్‌గర్ల్‌ను. యూనిఫాం చీర కుచ్చిళ్లు, పైట పిన్నులు సరిచూసే నెపంతో మా సూపర్‌వైజర్ రోజూ అందరి ముందూ నా ఒంటి తీరు గురించి అసభ్యంగా మాట్లాడుతున్నారు. ఇది క్రమశిక్షణేనా?
– ఒక సోదరి, విజయవాడ

జవాబు: కాదమ్మా, ముమ్మాటికీ కాదు. యూనిఫాం నిర్ణయించే హక్కు యాజమాన్యానిదే, పిన్ను ఊడిందని మర్యాదగా చెప్పడంలోనూ తప్పులేదు. కానీ ఒంటి గురించి అసభ్యంగా మాట్లాడటం, పని ప్రదేశంలో మహిళలపై లైంగిక వేధింపులను నిషేధించే 2013 నాటి చట్టం కిందికి వస్తుంది. పదిమంది లేదా అంతకుమించి పనిచేసేచోట ఇలాంటి ఫిర్యాదులను విచారించే అంతర్గత కమిటీ ఉండి తీరాలి. అంతకంటే తక్కువమంది ఉన్నా, ఫిర్యాదు యజమానిపైనే అయినా జిల్లాలోని స్థానిక కమిటీని ఆశ్రయించవచ్చు. చివరి ఘటన జరిగిన 3 నెలల్లోగా రాతపూర్వకంగా ఫిర్యాదు చేయాలి. విచారణ 90 రోజుల్లో ముగియాలి. ఆయన అన్న మాటలను అన్నవి అన్నట్టుగా, తేదీతో, విన్నవారి పేర్లతో ఈ రోజు నుంచే ఒక నోటు పుస్తకంలో రాసుకోండి.