పాడుబడిన పేట మళ్లీ బాగుపడటం చూశారా? చూశాను, మూడు బీగాలు తీశాక

"జనం వదిలేసి పోయిన పాత పేట మళ్లీ కోలుకోవాలంటే ఏం కావాలి? మీ ఊళ్లో ఎక్కడైనా చూశారా?" అని ప్రశ్న. నిధులు, స్కీములు అని చెప్పేవాళ్లు చాలామంది ఉంటారు. నేను మాత్రం అన్నదమ్ముల మధ్య భాగాలు తెగాలంటాను.

మాది కర్నూలు ఓల్డ్ టౌన్. హంద్రీ వచ్చి తుంగభద్రలో కలిసే మూల. 2009 అక్టోబరు 2న, గాంధీ జయంతి సెలవు రోజున, ఊరు మునిగింది. నేనప్పుడు ఇంటర్. పైనుంచి తుంగభద్ర, పక్కనుంచి హంద్రీ, కింద శ్రీశైలం నిండి వెనక్కి తన్నిన నీళ్లు. శ్రీశైలం పూర్తి మట్టం 885 అడుగులైతే ఆ వరదలో 896 దాటింది. ఈ లెక్కలన్నీ తర్వాత పేపర్లో చదివినవే. ఆ రోజు మాకు తెలిసింది ఒకటే, మోరీ నీళ్లు వెనక్కి ఎగదన్నుతున్నాయని. పక్కింటి చాచా వాళ్లది రెండంతస్తుల మిద్దె. రెండు రాత్రులు రెండిళ్ల వాళ్లం దానిమీదే ఉన్నాం, వాళ్ల అంగట్లోంచి పైకి లాక్కున్న ఒక బొరుగుల బస్తాతో.

నీళ్లు పోయాక మా వెనక గోడ కూలింది. కల్లూరు వైపు బాడుగింటికి మారాం. మాలాగే చాలామంది మారారు. ఎవరినడిగినా వరదే పేటను ముంచిందంటారు. వరద ఉన్నది మూడు రోజులు. మా ఇంటి పంచాయితీ నడిచింది పన్నెండేళ్లు.

ఇల్లు ముత్తాత కట్టించింది, కాగితాలన్నీ ఆయన పేరు మీదే. తాత 1998లో పోయాడు. మా పెదనాయన, నాయన, చిన్నాయన ముగ్గురూ వరద తర్వాత ఒకే తలుపుకు తలా ఒక బీగం వేశారు. వంతులవారీగా కాపలా కాసినట్టు. బాగుచేయిద్దామంటే ఖర్చెవరిది? బాగుచేసినోడు రేపు ఇల్లే నాదంటే? ముత్తాత పేరున్న కాగితం చూసి ఏ బ్యాంకు లోనిస్తుంది? మట్టిమిద్దె సంగతి తెలిసినవాళ్లకు చెప్పక్కర్లేదు, వానలకు ముందు మీద చౌడు పోయకపోతే రెండేళ్లలో కారడం మొదలవుతుంది. మాది కారింది, దంతెలు పుచ్చాయి, గోడలో రావి మొక్క మొలిచింది. మా వీధిలో మరో ఐదారిళ్లది ఇదే కథ.

ఈలోగా ఊరు బాగుపడటం లేదా అంటే, పడింది, ఊరి చుట్టూ. 1953 నుంచి 1956 వరకు ఇది ఆంధ్ర రాష్ట్ర రాజధాని, ఆఫీసులు గుడారాల్లో నడిచాయని తాత గొప్పగా చెప్పేవాడు. 2019 చివర్లో న్యాయ రాజధాని మాట రాగానే మళ్లీ అందరికీ ప్లాట్ల పిచ్చి పట్టింది. కొండారెడ్డి బురుజుకు లైట్లేస్తే ఫోటోలు దిగడానికి వస్తారు, మంచిదే. ఆ ఫోటోలు దిగినోడు మా సందులోకి వచ్చి సంసారం పెడతాడా?

మమ్మల్ని కదిలించింది మా మేనత్త. డోన్‌లో ఉండేది, మామ పోయాక ఒంటరిది. ఆమె పెళ్లి 1979లో. ఆంధ్రలో ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో భాగమిచ్చిన చట్టం 1985 సెప్టెంబరు నుంచి అమల్లోకి వచ్చింది, కానీ అప్పటికే పెళ్లైన వాళ్లకు వర్తించలేదు. అదే మాట పట్టుకుని పెదనాయన ఆమెను లెక్కలోకే తీసుకోలేదు. 2005లో కేంద్ర చట్టం మారి పెళ్లైన కూతుళ్లకూ భాగం వచ్చింది. తండ్రి అంతకుముందే చనిపోయినా కూతురికి హక్కుందని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందు పద్ధతిగా పంచుకుని ఉంటే ఆ పంపకం చెల్లేది. మావాళ్లు పంచుకుంటే కదా! కొట్లాడుకుంటూ కూర్చున్నందుకు అత్తకే కలిసొచ్చింది.

కరోనా రెండో వేవ్ తగ్గాక అందరూ ఇంటి ముందు కలిశారు. పెదనాయన బీగం తెరుచుకుంది. నాయనది కొబ్బరినూనె పోసి కాసేపు ఆడిస్తే వచ్చింది. చిన్నాయన బెంగళూరు నుంచి వచ్చాడు గానీ బీగంచెవి తేలేదు. "యాడ పెట్టినావో కూడా తెలీదా రా? ఇన్నేండ్లు దేనికి కాపలా కాసినట్టు?" అంది అత్త. చివరికి పెద్ద మార్కెట్ దగ్గర వెల్డింగ్ షాపు పిల్లోడొచ్చి గ్రైండర్‌తో కోశాడు. నిప్పురవ్వలు ఎగురుతుంటే ముగ్గురన్నదమ్ములూ తలలు పక్కకు తిప్పుకున్నారు.

లోపల పడసాల గోడమీద, దీపం గూటికి జానెడు పైన, వరద గీత ఇంకా ఉంది. అవ్వ ఇసుర్రాయి ఉన్నచోటే ఉంది, మధ్య గుంతలో ఒండ్రు గట్టిపడి. అత్త దాన్ని వేలితో గీకుతూ కాసేపు కూర్చుంది. ఏడుస్తుందేమో అనుకున్నాం. లేచి, టేపు తెమ్మంది. గడప నుంచి రోడ్డుకు కొలిపించింది. మా చిన్నప్పుడు మూడు మెట్లెక్కి ఇంట్లోకి పోయేవాళ్లం, ఇప్పుడు అడుగున్నర కిందికి దిగాలి. పాత రోడ్డు తవ్వకుండా దానిమీదే ఇంకో రోడ్డు, దానిమీద ఇంకోటి పోస్తూ పోతే ఇంతే. వరద ఎప్పుడో ఒకసారి వస్తుంది. ఈ రోడ్ల పుణ్యమా అని ప్రతి వానకూ మోరీ నీళ్లు ఇంట్లోకే. దీన్ని అభివృద్ధి అని శిలాఫలకం మీద చెక్కిస్తారు, అదొకటి.

"నాకు పైసలొద్దు. ఇల్లే ఇయ్యండి. మీ ముగ్గురి భాగాలకు నేనే ఇస్తా" అంది అత్త. డోన్ ఇల్లు అమ్మింది. పెదనాయన రేటు దగ్గర నెలన్నర సాగదీశాడు గానీ చివరికి రిజిస్ట్రేషన్ అయింది.

వెనకంతా కూలగొట్టి పిల్లర్లు లేపింది. ముందు పడసాలలో బేతంచర్ల బండలు మాత్రం పోనివ్వలేదు. ఒక్కొక్కటీ పీకించి, కడిగించి, రెండున్నర అడుగులు మట్టి పోయించి మళ్లీ పరిపించింది. మేస్త్రీ టైల్స్ వేయమని ఎంత నస పెట్టినా వినలేదు. ముందు గది ఉగ్గాని, బజ్జి వేసే మొగుడూ పెళ్లాలకు బాడుగకిచ్చి తను పైన ఉంటోంది.

పొద్దున ఆరుకల్లా ఆ సందులో జనం. జనముంటే లైటు పడింది, లైటుంటే ఆటోవాడు లోపలికి వస్తున్నాడు. హైదరాబాదు పోయిన చాచా కొడుకు తిరిగొచ్చి అంగడి తెరిచాడు. ఆ తర్వాత ఇంకో రెండిళ్ల వాళ్లు తలుపులు తీశారు. అదంతా మా అత్త వల్లేనా అంటే నా దగ్గర లెక్కల్లేవు, కానీ నా నమ్మకం అదే.

ఎదురింటికి ఇంకా నాలుగు బీగాలున్నాయి. ఆ నలుగురి ఫోన్ నంబర్లూ అత్త పాలలెక్కల పుస్తకం వెనక రాసిపెట్టుకుంది. సాయంత్రం అరుగు మీద కూర్చుని వంతులవారీగా చేస్తుంటుంది. ఇద్దరు ఎత్తరు, ఒకడు రేపంటాడు. పోయిన సంక్రాంతికి వెళ్లినప్పుడు చూస్తే ఆ నాలుగు బీగాలూ నూనెతో నిగనిగలాడుతున్నాయి. వాళ్లొచ్చారా అని అడిగాను.

"యాడ వచ్చినారు? నేనే ఏసినా" అంది.