35 అంగుళాల టైర్ల కోసం అత్యవసర నిధిలో చెయ్యి పెట్టొచ్చా?

ప్రశ్న: నాది ఫోర్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీ. ముందు ఇండిపెండెంట్ సస్పెన్షన్ (ఒక్కో చక్రం విడిగా కదిలేది), వెనక సాలిడ్ యాక్సిల్ (రెండు చక్రాలనూ కలిపే ఒకే ఇరుసు). కంపెనీ ఇచ్చిన 265/70ఆర్17 టైర్లే ఉన్నాయి, ఇంకా సగం కూడా అరగలేదు. 35 అంగుళాల టైర్లు వేయించాలని చాలా రోజులుగా కోరిక. బండిని నాలుగంగుళాలు ఎత్తే సస్పెన్షన్ లిఫ్ట్ కిట్, నాలుగు టైర్లు, బిగింపు కలిపి షాపులో చెప్పిన రేటు నా రెండున్నర నెలల జీతం. ఏడాదికి 14 శాతం వడ్డీతో 24 నెలల వాయిదాలు కూడా ఇస్తారట. అంత వద్దంటే స్పేసర్లు (స్ప్రింగుల పైన పెట్టే దిమ్మలు) పెట్టి 33 అంగుళాల టైర్లు వేస్తామంటున్నారు, దానికి ఒక నెల జీతం చాలు. బండి లోన్ ఇంకా ఏడాదిన్నర ఉంది. అత్యవసర నిధిలో ఐదు నెలల ఖర్చులకు సరిపడా డబ్బుంది. రోజూ ఆఫీసుకు ఇదే బండి, నెలకోసారి కొండదారుల్లో, బురదలో తిరుగుతాను. నిధిలోంచి తీయనా, వాయిదాల్లో కొననా? పాత టైర్లు షాపువాళ్లే తీసుకుంటామంటున్నారు, ఇచ్చేయనా?

సమాధానం:

రెండూ వద్దు. నిధిని ముట్టుకోకండి, వాయిదాల కాగితాల మీద సంతకం పెట్టకండి. అలాగని కోరిక చంపుకోమని కూడా నేను చెప్పను. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు పెద్దలు. మీకు అడుసు తొక్కడమే సరదా కాబట్టి ఆ సామెత మీ దగ్గర పనిచేయదు. కాలు కడుక్కోవడానికి ఎంతవుతుందో ముందే లెక్క చూసుకుంటే సరిపోతుంది.

చాలామంది కిట్ ఎన్ని అంగుళాలదో ముందు తేల్చుకుని, అందులో పట్టే అతి పెద్ద టైరు ఏదని తర్వాత అడుగుతారు. ఖర్చు అదుపు తప్పేది అక్కడే. ముందు టైరు తేలాలి. మీరు తిరిగే దారులకు ఎంత టైరు కావాలో తెలిస్తే బండిని ఎంత ఎత్తాలో దాన్నిబట్టి తెలుస్తుంది, ఎంత ఖర్చు పెట్టాలో కూడా.

టైరు మీద రాసిన అంకెలతోనే లెక్క వేద్దాం. 265 అంటే టైరు వెడల్పు మిల్లీమీటర్లలో, 70 అంటే పక్కగోడ ఎత్తు ఆ వెడల్పులో 70 శాతం, 17 అంటే రిమ్ వ్యాసం అంగుళాల్లో. మీ 265/70ఆర్17 టైరు పూర్తి ఎత్తు సుమారు 803 మిల్లీమీటర్లు, అంటే 31.6 అంగుళాలు. అందరూ 33 అని పిలిచే 285/70ఆర్17 ఎత్తు 831 మిల్లీమీటర్లు. 35 అని పిలిచే 315/70ఆర్17 ఎత్తు 873. మీ వెనక యాక్సిల్ మధ్యలో ఉండే డిఫరెన్షియల్ (ఇంజిన్ బలాన్ని రెండు చక్రాలకూ పంచే గేర్ల పెట్టె) బండిలో అన్నిటికన్నా కిందికి ఉండే భాగాల్లో ఒకటి. రాయి తగిలేది ఎక్కువగా దానికే. అది నేల నుంచి ఎంత పైకి లేస్తుందన్నది టైరు ఎత్తులో పెరిగిన దాంట్లో సగం. 33 వేస్తే 14 మిల్లీమీటర్లు, 35 వేస్తే 35 మిల్లీమీటర్లు. నాలుగంగుళాల కిట్ వేసి బాడీని పది సెంటీమీటర్లు పైకి లేపినా ఆ యాక్సిల్ ఎత్తు ఒక్క మిల్లీమీటరు కూడా పెరగదు. స్ప్రింగులు యాక్సిల్ మీద కూర్చుంటాయి, యాక్సిల్ చక్రాల మీద కూర్చుంటుంది, అంతే. లిఫ్ట్ వల్ల లాభం లేదని కాదు. చాసిస్ పైకి లేస్తుంది, ముందు బంపర్ గట్టుకు తగలకుండా ఎక్కే కోణం మెరుగవుతుంది, పెద్ద టైరుకు చోటు దొరుకుతుంది. కానీ రెండున్నర నెలల జీతం దేనికి పోతోందో చూసుకోవాలి కదా.

చోటు విషయంలోనూ ఒక భ్రమ ఉంది. లిఫ్ట్ చేస్తే ఫెండర్ లోపలి ఖాళీ పెరిగిపోతుందనుకుంటారు. బండి నిలబడి ఉన్నప్పుడు అది నిజమే. పెద్ద గుంతలో పడి సస్పెన్షన్ పూర్తిగా నొక్కుకుపోయినప్పుడు చాలా కిట్లలో చక్రం మళ్లీ దాదాపు పాత చోటికే వెళుతుంది. అక్కడ తగలకుండా ఆపడానికి బంప్ స్టాప్‌లు (సస్పెన్షన్ మరీ నొక్కుకుపోకుండా ఆపే దిమ్మలు) పొడుగువి వేయాలి, లేదా లోపలి ప్లాస్టిక్‌ను కాస్త కత్తిరించాలి. స్టీరింగ్ పూర్తిగా తిప్పినప్పుడు టైరు ఎక్కడ రాసుకుంటుందన్నది లిఫ్ట్ కన్నా రిమ్ ఆఫ్‌సెట్ (చక్రం ఎంత లోపలికి, ఎంత బయటికి కూర్చుంటుందన్నది) మీద ఎక్కువగా ఆధారపడుతుంది. షాపువాళ్లను అడగాల్సిన ప్రశ్న ఇది: “స్టీరింగ్ పూర్తిగా తిప్పి, సస్పెన్షన్ పూర్తిగా నొక్కితే ఎక్కడైనా తగులుతుందా? తగిలితే కత్తిరించే పని ఈ రేటులోనే ఉందా?”

ఇప్పుడు 35 సంగతి. దీన్ని నేను ఒక్క ఖర్చుగా చూడను, ఒకదాని వెనక ఒకటి వచ్చే బిల్లుల వరసగా చూస్తాను. చుట్టుకొలత 8.7 శాతం పెరుగుతుంది. స్పీడోమీటర్ 100 చూపిస్తున్నప్పుడు మీరు నిజానికి దాదాపు 109లో ఉంటారు, కాబట్టి దాన్ని సరిచేయించాలి. ఏ గేరులోనైనా లాగే బలం దాదాపు అంతే మేరకు తగ్గుతుంది, ఎత్తులో బండి లాగదు. మీ డిఫరెన్షియల్ నిష్పత్తి 4.10 అనుకుంటే పాత లాగుడు తిరిగి రావడానికి 4.46 కావాలి, దానికి దగ్గరలో దొరికే 4.56 గేర్ సెట్ వేస్తారు. ఫోర్ వీల్ డ్రైవ్ కాబట్టి ముందూ వెనకా రెండింటికీ మార్చాలి. నాలుగంగుళాల లిఫ్ట్‌కు ముందు డ్రైవ్ షాఫ్ట్‌ల కోణం మరీ పెరగకుండా డిఫరెన్షియల్‌ను కిందికి దింపే బ్రాకెట్లు కావాలి. చాలా బండ్లలో కింది క్రాస్‌మెంబర్‌ను, అంటే అడ్డపట్టీని, కోసి కొత్తది బిగిస్తారు. కోసింది మళ్లీ అతుక్కోదు, ఆ బండి ఇక కంపెనీ స్థితికి రాదు. బరువైన చక్రాన్ని ఆపడానికి బ్రేకులు ఎక్కువ శ్రమపడాలి. బాల్ జాయింట్లు, వీల్ బేరింగులు, స్టీరింగ్ భాగాలు తొందరగా అరుగుతాయి. బండి బరువు పైకి చేరుతుంది కాబట్టి మలుపుల్లో పల్టీ కొట్టే ప్రమాదం కూడా పెరుగుతుంది. రోజూ ఆఫీసుకు వెళ్లే బండికి నన్నడిగితే ఇదొక్కటే చాలు, వద్దనడానికి.

మీకు చెప్పిన రేటులో నాలుగు టైర్లే ఉన్నాయి, గమనించారా? స్టెప్నీ సంగతేమిటి? ఫోర్ వీల్ డ్రైవ్ వేసినప్పుడు ఒక చక్రం చిన్నది, మూడు పెద్దవి ఉంటే గేర్ భాగాల మీద ఒత్తిడి పడి పాడవుతాయి. కాబట్టి ఐదు కొనాలి. 35 అంగుళాల ఐదోది బండి కింద పాత చోట పట్టకపోతే దానికి వెనక డోర్ మీదో, బంపర్ మీదో వేరే స్టాండ్ కావాలి. అది ఇంకో బిల్లు.

పెట్రోలో డీజిలో, దాని లెక్క కూడా వేసుకోండి. ఏడాదికి 15,000 కిలోమీటర్లు తిరుగుతారనుకుందాం. లీటరుకు 12 ఇచ్చే బండి పెద్ద టైర్ల తర్వాత 10.5 ఇస్తే 1,250 లీటర్లు పట్టేచోట దాదాపు 1,430 లీటర్లు పడతాయి. ఏటా 180 లీటర్లు అదనం. ఇక్కడ ఒక చిన్న తిరకాసు ఉంది. ఓడోమీటర్ కూడా తక్కువ చూపిస్తుంది కాబట్టి సరిచేయించకముందు మైలేజీ నిజంగా తగ్గినదానికన్నా ఎక్కువ పడిపోయినట్టు కనిపిస్తుంది. 35కు చూపిన కిలోమీటర్లను 1.087తో, 33కు 1.035తో హెచ్చవేసి చూస్తే అసలు సంగతి తెలుస్తుంది.

33 టైరుకు ఈ తలనొప్పులు చాలావరకు ఉండవు. తేడా మూడున్నర శాతమే, డిఫరెన్షియల్ గేర్ సెట్ మార్చకుండానే చాలామంది హాయిగా నడిపేస్తారు. రెండంగుళాల లిఫ్ట్, కాస్త కత్తిరింపు, సరైన ఆఫ్‌సెట్ రిమ్ ఉంటే సాధారణంగా పడుతుంది. మీరు చెప్పిన వాడకానికి నా ఓటు దీనికే. కానీ స్పేసర్లతో కాదు.

స్పేసర్ అంటే పాత స్ప్రింగు, పాత షాక్ అబ్జార్బర్ అలాగే ఉంచి పైన పెట్టే ఒక దిమ్మ. ముందు సస్పెన్షన్‌లో చాలా బండ్లకు 25 మిల్లీమీటర్ల స్పేసర్ పెడితే చక్రం దగ్గర 50 దాకా ఎత్తు వస్తుంది. చవకగా పెద్ద ఫలితం కనిపిస్తుంది కాబట్టే అది అంతగా అమ్ముడుపోతుంది. చక్రం గాల్లో వేలాడినప్పుడు బాల్ జాయింట్లు, సీవీ జాయింట్లు (డ్రైవ్ షాఫ్ట్ చివరల కీళ్లు) అంతకుముందు కన్నా ఎక్కువగా వంగుతాయి. కొండదారుల్లో చక్రం తరచూ వేలాడుతుంది. పైగా ఎత్తు పెరిగిందే కానీ గుంతల్లో బండి నడక ఏమీ బాగుపడదు. ఆరునెలలకో ఏడాదికో విసుగొచ్చి అసలు కిట్ కొంటారు, బిగింపు కూలీ రెండోసారి, అలైన్‌మెంట్ రెండోసారి. బండి రోడ్డు మీదే తిరిగి, కాస్త ఎత్తుగా కనిపిస్తే చాలనుకునేవాళ్లకు అది సరిపోవచ్చు. మీకు కాదు.

మీరు అడగాల్సింది ఒకే తయారీదారు జతచేసి ఇచ్చిన కొత్త స్ప్రింగులు, కొత్త షాక్ అబ్జార్బర్లు ఉన్న రెండంగుళాల కిట్. వెనక కమాను పట్టీలు, అంటే లీఫ్ స్ప్రింగులు ఉంటే దిమ్మలు పెట్టడం కాకుండా పట్టీల సెట్టే మార్చమనండి. ముందువైపు పై కంట్రోల్ ఆర్మ్‌లు (చక్రాన్ని చాసిస్‌కు కలిపే చేతులు) మార్చాలా అన్నది మీ బండి మోడల్‌ను బట్టి ఉంటుంది. అలైన్‌మెంట్ కొలతలు పరిధిలోకి వస్తాయా అని అడిగితే జవాబు తెలిసిపోతుంది. రాకపోతే ఆర్మ్‌లు కొనాల్సిందే, లేదంటే కొత్త టైర్లు ఒక పక్కే అరిగి డబ్బు రోడ్డు మీద పోతుంది. స్ప్రింగు ఎంచుకునేటప్పుడు ఎంత బరువు మోస్తారని అడుగుతారు. విహారాల రోజు వేసుకునే సామాను కాదు, రోజూ బండి మీద ఉండే బరువే చెప్పాలి. బరువుకు తయారైన స్ప్రింగులు ఖాళీ బండికి వేస్తే నడుం విరుగుతుంది. రేపు విన్చ్ (ఇరుక్కున్న బండిని లాగే తాడు యంత్రం), ఇనుప బంపర్ పెట్టే ఆలోచన ఉంటే అది మాత్రం ఇప్పుడే చెప్పండి. లేకపోతే అవి పెట్టిన రోజు ముందువైపు కుంగి, స్ప్రింగులు మళ్లీ కొనాల్సి వస్తుంది.

ఇక డబ్బు. రెండున్నర నెలల జీతం 14 శాతం వడ్డీతో 24 నెలలు కడితే మొత్తం దాదాపు 2.9 నెలల జీతమవుతుంది. నెలకు జీతంలో 12 శాతం, అది కూడా బండి లోన్ నడుస్తుండగానే. ఒకే బండి మీద రెండు అప్పులన్నమాట! అందులో రెండోది బండి విలువను పెంచదు. అమ్మేటప్పుడు మీ అభిరుచే ఉన్న కొనుగోలుదారు దొరికితే అదృష్టం, దొరక్కపోతే మార్పులు చేసిన బండి అని రేటు తగ్గించి అడుగుతారు.

అదే 12 శాతాన్ని ఇప్పటి నుంచి మీరే విడి ఖాతాలో వేసుకోండి. రెండంగుళాల కిట్, ఐదు 33 టైర్లు, మీకు చెప్పిన రెండు రేట్లకు మధ్యలో ఒకటిన్నర నెలల జీతం అవుతుందనుకుందాం. కొటేషన్ చేతికొచ్చాక ఈ అంకె మార్చుకోండి. దానిమీద నాలుగో వంతు అదనంగా పెట్టుకోండి. అలైన్‌మెంట్, స్ప్రింగులు సర్దుకున్నాక రెండోసారి అలైన్‌మెంట్, హెడ్‌లైట్ల కోణం దించడం, స్పీడోమీటర్, బండిలో కెమెరా, రాడార్ సహాయ వ్యవస్థలుంటే వాటి క్యాలిబ్రేషన్, విప్పాక బయటపడే అరిగిన బుష్‌లు, ఇవన్నీ అందులోంచే. మొత్తం 1.9 నెలల జీతం. నెలకు 12 శాతం చొప్పున 16 నెలల్లో జమవుతుంది, బండి లోన్ తీరకముందే. ఈలోగా సగం కూడా అరగని టైర్లు కూడా ఆయుష్షు తీర్చుకుంటాయి. మంచి టైర్లు తీసేసి కొత్తవి వేయడం కూడా ఖర్చే, బిల్లులో కనిపించదంతే. మధ్యలో బోనస్ వస్తే గడువు తగ్గుతుంది.

అత్యవసర నిధిని నేను అంత గట్టిగా వద్దనడానికి కారణం ఉంది. బండిలో మార్పులు చేసిన మొదటి కొన్ని నెలల్లోనే ఊహించని రిపేర్లు రావచ్చు. నిధి ఖాళీ అయి ఉండగా బండి ఆగిపోతే ఆఫీసు ప్రయాణం కూడా ఆగుతుంది.

డబ్బు కట్టకముందు మూడు చోట్ల అడిగి రాతపూర్వకంగా జవాబు తీసుకోండి. రవాణా శాఖ దగ్గర, ఎంత ఎత్తు, ఎంత టైరు అనుమతిస్తారని. నిబంధనలు ప్రాంతానికొకలా ఉంటాయి, టైరు ఫెండర్ దాటి బయటికి రావడం చాలాచోట్ల ఒప్పుకోరు. ఇన్సూరెన్స్ కంపెనీకి చెప్పి, మార్పులను పాలసీలో రాయించండి. ప్రీమియం కొంచెం పెరిగినా పర్వాలేదు. చెప్పకుండా చేసిన మార్పు ప్రమాదం తర్వాత బయటపడితే క్లెయిమ్ మొత్తమే పోయే టెన్షన్ ఉంటుంది. వారంటీ ఇంకా ఉంటే, ఏ భాగాలకు వర్తించదో సర్వీస్ సెంటర్‌లో అడగండి.

పాత టైర్లు షాపుకు ఇవ్వడం గురించి అడిగారు. 16 నెలల తర్వాత అవి అరిగిపోయి ఉంటాయి కాబట్టి ఎంతిచ్చినా తీసుకోండి. పాత స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు మాత్రం ఇవ్వకండి. తుడిచి, గుర్తులు రాసి, ఒక మూల పెట్టుకోండి. బండి అమ్మే రోజున అవి తిరిగి బిగించి, కిట్‌ను విడిగా అమ్మితే రెండింటికీ మంచి రేటు వస్తుంది. కూలీలో భాగంగా పాత సామాను తమకే వదిలేయాలని షాపువాళ్లు షరతు పెడితే, ఆ షరతు తీసేసి కొటేషన్ మళ్లీ రాయించుకోండి.