ఖాళీ బొరియను నమ్మకు

చిరంజీవి అల్లుడికి, సిరోంచ నుంచి మీ మామ ఆశీర్వదించి రాసేది.

రోడ్డు వెడల్పు పనికి ముందు చేసే హనీ బ్యాడ్జర్ సర్వే నీ చేతికొచ్చిందని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషమైంది. మరాఠీ కాగితాల్లో దాన్ని ‘చాందీ అస్వల్’ అంటారు. అస్వల్ అంటే ఎలుగుబంటి. ఊళ్ళో ఆ పేరుతో అడిగితే అందరూ ఎలుగు సంగతులే చెబుతారు. వీపు తెల్లగా, పొట్టా కాళ్ళూ నల్లగా, పొట్టికాళ్ళ జంతువు అని పోలిక చెప్పు. తేనె తీసేవాళ్ళ దగ్గర, కోళ్ళు పోయినవాళ్ళ దగ్గర కాసేపు కూర్చో.

ఇంగ్లండ్ పద్ధతిని ఉన్నదున్నట్టు దించకు. అక్కడి బ్యాడ్జర్లు గుంపుగా ఒకే బొరియల్లో తరాలపాటు ఉంటాయి. అక్కడి 1992 చట్టం ఆ జంతువులతోపాటు బొరియలనూ కాపాడుతుంది. మనది వేరే జాతి. ఎక్కువగా ఒంటరిగా తిరుగుతుంది, తరచూ బొరియ మారుస్తుంది. ఆఫ్రికాలోని కలహారి ఎడారిలో మగది 500 చదరపు కిలోమీటర్లకు పైగా తిరిగినట్టు లెక్క తేలింది. ఇవాళ బొరియ ఖాళీగా ఉంటే జంతువు లేదని ఎలా రాస్తాం?

నేను రాశాను. బొరియ నోటికి సాలెగూడు ఉంటే ‘వాడకంలో లేదు’ అని ఫారం నింపాను. సాలీడుకు ఒక్క రాత్రి చాలని అప్పుడు తట్టలేదు. తొమ్మిదో రోజు మట్టి తవ్వే బండి ఆ గట్టు తవ్వితే లోపల పిల్ల. తల్లి ఆ రాత్రంతా గట్టు చుట్టూ తిరిగిన అడుగులు పొద్దున మట్టిలో కనిపించాయి. ఇప్పటికీ ఆ చోటు దాటుతుంటే మనసు పిండినట్టవుతుంది.

అందుకని సాయంత్రం బొరియ ముందు మూరెడు మేర మెత్తటి మట్టి జల్లెడపట్టి పరుచు, నోటికి అడ్డంగా సన్న పుల్లలు గుచ్చు. మేకలు కదలకముందే వెళ్ళి చూడు. నక్కకు నాలుగు వేళ్ళే పడతాయి. దీనికి అయిదు, ముందుకాలి గోళ్ళ గుర్తులు వేళ్ళకు బాగా ముందు చుక్కల్లా ఉంటాయి. ముళ్ళు రాలి ఉంటే ముళ్ళపందిదేమో చూడు. కెమెరా మోకాలి కింద ఎత్తులో, సూర్యుడికి ఎదురు కాకుండా కట్టు, ముందున్న గడ్డి కోసెయ్. నా మాట విని నెలకు తగ్గకుండా ఉంచు.

బొరియలో చెయ్యి పెట్టకు, పుల్లతో కెలక్కు. పాము ఉండొచ్చు. హనీ బ్యాడ్జరే ఉంటే ఇంకా ప్రమాదం. ఒంటరిగా వెళ్ళకు, పులి తిరిగే ప్రాంతం. 1972 వన్యప్రాణి చట్టంలో ఇది షెడ్యూల్ 1 జంతువు, అంటే అన్నిటికన్నా గట్టి రక్షణ ఉన్న జాబితాలోది, కాబట్టి పిల్లల బొరియ తేలితే పని ఆపించి అటవీ రేంజ్ ఆఫీసుకు రాతపూర్వకంగా చెప్పు, నకలు నీ దగ్గర ఉంచుకో.

పని సాగినన్నాళ్ళూ తిరుగుతూనే ఉండాలి. రాత్రికి వదిలే గుంతలకు ఒక పక్క వాలు పెట్టించు, పైపుల నోళ్ళు మూయించు.

మొదటి అడుగు దొరికిన రోజు పక్కన స్కేలు పెట్టి ఫోటో తీసి పంపు. ఎంత రాత్రయినా చూస్తాను.

మీ మామ