మాత్ర వేళ తప్పనివ్వకు

బ్రాడీపేట,
గుంటూరు

చిరంజీవి తమ్ముడికి అక్కయ్య ఆశీస్సులు.

నీకు వచ్చింది పార్కిన్సన్స్ జబ్బేనని నరాల డాక్టరు తేల్చి చెప్పినట్లు మరదలు ఫోను చేసింది. నేను ఇదే జబ్బుతో చాలా ఏళ్ళుగా రోజులు నడుపుకుంటున్నదాన్ని కనుక, సత్యనారాయణపురంలో మీ ఇంటికి పరామర్శకు వచ్చేవాళ్ళ సలహాలకంటే ముందు నా మాట నీకు చేరాలని ఈ ఉత్తరం రాస్తున్నాను. మెదడులో డోపమిన్ అనే, కదలికలను నడిపించే రసాయనాన్ని తయారుచేసే కణాలు క్రమంగా నశించడం వల్ల కదలికలు మందగిస్తాయని, పోయిన కణాలను తిరిగి తెచ్చే మందు ఇంకా రాలేదని డాక్టరు నీకు చెప్పే ఉంటారు. ఉన్న మందుతో రోజు ఎలా గడుపుకోవాలన్నది మాత్రం ఇంట్లో మనం నేర్చుకోవలసిన విద్య.

మెదడులోకి వెళ్ళి డోపమిన్‌గా మారే మందు లెవోడోపా. నీకు రాసిన లెవోడోపా, కార్బిడోపా కలిసిన మాత్ర, రక్తపోటు మాత్రలాగా పొద్దున్నే ఒకటి వేసుకుని మరచిపోయే మందు కాదు. దాని ప్రభావం కొన్ని గంటలే ఉంటుంది, జబ్బు ముదిరేకొద్దీ ఆ కొన్ని గంటలు కూడా తగ్గుతూ వస్తాయి. అందుకే ఎనిమిదింటికి వేసుకోమంటే ఎనిమిదింటికే వేసుకోవాలి. సెల్‌ఫోనులో అలారం పెట్టుకో, చొక్కా జేబులో ఒక పూట మాత్ర అదనంగా ఉంచుకో. స్నానం, బ్యాంకు పని, బస్సు ప్రయాణం వంటివన్నీ మందు బాగా పట్టి ఉన్న వేళకే పెట్టుకో. మందు దిగిపోయే సమయంలో నెహ్రూ బస్టాండులో బస్సు కోసం పరుగులు పెట్టే పరిస్థితి తెచ్చుకోవద్దు. వంట్లో బాగున్నదని సొంతంగా ఒక్కసారిగా మాత్రలు ఆపేయడం ప్రాణాలమీదికి తెస్తుంది, ఆ పని ఎన్నడూ చేయకు.

అసలు చిక్కు మన వంటింట్లో ఉంది. లెవోడోపా పేగుల నుంచి రక్తంలోకీ, రక్తం నుంచి మెదడులోకీ వెళ్ళే దారినే మాంసకృత్తులు (ప్రోటీన్లు) జీర్ణమైతే వచ్చే అమైనో ఆమ్లాలు కూడా వాడుకుంటాయి. రెండూ ఒకేసారి వస్తే మందు వెనకబడుతుంది. మనవాళ్ళ పొద్దుటి పెసరట్టు, మధ్యాహ్నం ముద్దపప్పు, చివర గడ్డపెరుగు అన్నీ మాంసకృత్తులే కదా. కాబట్టి మాత్ర భోజనానికి కనీసం అరగంట ముందు గానీ, తిన్న గంట తరువాత గానీ వేసుకో. కొత్తలో కడుపులో తిప్పినట్లుంటే రెండు బిస్కెట్లో గుప్పెడు మరమరాలో తిని వేసుకోవచ్చు. ఇది అందరినీ ఒకేలా బాధించదు, మొదటి ఏళ్ళలో నీకు తేడా తెలియకపోవచ్చు కూడా. అయితే ఒక పూట కాళ్ళు బరువెక్కినప్పుడు మోతాదు పెంచాలేమోనని కంగారుపడే ముందు, ఆ పూట కంచంలో ఏమున్నదో గుర్తుచేసుకుని నోటుపుస్తకంలో రాయి. అవసరమైతే పగలు కూర, చారుతో సరిపెట్టుకుని, పప్పు, గుడ్డు, చేప రాత్రికి మార్చుకో. అంతేగాని పప్పే మానేయకు, ఈ జబ్బులో మనిషి చిక్కిపోవడం మామూలు, దానికి పస్తులు తోడు కాకూడదు. రక్తహీనతకు ఇచ్చే ఇనుము మాత్రలు కూడా ఈ మందును అడ్డుకుంటాయి, వాటి మధ్య ఎంత ఎడం ఉంచాలో డాక్టరును అడుగు. మలబద్ధకాన్ని చిన్నచూపు చూడవద్దు. పేగు కదలకపోతే మందూ సరిగా పట్టదు కనుక నీళ్ళు, ఆకుకూరలు, జామకాయలు, నడక తప్పవు.

నడక విషయానికి వస్తే, ఎప్పుడో ఒకనాడు గడప దగ్గరో, మంచం పక్కన మలుపు తిరిగేటప్పుడో పాదాలు నేలకు అతుక్కుపోయినట్లు ఆగిపోతాయి. అందరికీ ఇది రాదు గాని, వస్తే భయపడకుండా ఉండేందుకు ముందే చెబుతున్నాను. ఇంతకాలం ఆలోచించకుండా సాగిన నడక ఇప్పుడు దానంతట అది సాగదు, కానీ కావాలని తలచి వేసే అడుగు పడుతుంది. విచిత్రమేమిటంటే, చదునైన నేల మీద ఆగిపోయే మనిషి మెట్లు చక్కగా ఎక్కగలడు, ఎందుకంటే ప్రతి మెట్టూ కంటికి ఒక గుర్తు. అదే ఉపాయం ఇంట్లోనూ పనికొస్తుంది. స్నానాలగది దారిలో అడుగు దూరానికొకటి చొప్పున రంగు టేపు గీతలు అంటించమని మరదలికి చెప్పు. మా వాకిట్లో ముగ్గు గీతలు నాకు ఈ రకంగా ఎంత ఉపకారం చేస్తాయో చెప్పలేను! కాలు ఆగినప్పుడు ముందుకు తోసుకుపోకు. నిలబడి, ఊపిరి తీసుకుని, బరువు ఒక కాలి మీదికి మార్చి, ‘ఒకటి, రెండు’ అని పైకి లెక్కపెడుతూ రెండో కాలితో పెద్ద అడుగు వెయ్యి. మలుపు దగ్గర గిరుక్కున తిరగకుండా, నాలుగడుగులు వేసి విశాలంగా తిరుగు. ఇంట్లోవాళ్ళు చెయ్యి పట్టి లాగకూడదు, అలా లాగితేనే పడిపోతాం. నడుస్తూ ఫోను మాట్లాడటం, రెండు చేతుల్లో సంచులతో బీసెంట్ రోడ్డు జనంలోకి వెళ్ళడం ఇక మానుకో.

రోహిణి కార్తెలో బెజవాడ ఎండ సంగతి నీకు తెలుసు. జబ్బూ మందులూ రెండూ లేచి నిలబడినప్పుడు రక్తపోటును పడగొడతాయి, ఒంట్లో నీళ్ళు తగ్గితే అది మరీ ఎక్కువవుతుంది. మంచం దిగేముందు కాసేపు అంచున కూర్చో. గొంతు సన్నబడకుండా రోజూ పేపరు పైకి చదువు. చేతిరాత చిన్నదైపోతుంది కనుక గీతల కాగితం మీద పెద్దగా రాయడం అలవాటు చేసుకో, బ్యాంకులో సంతకం తేడా వచ్చి చెక్కు వెనక్కి తిరిగే లోపు కొత్త సంతకం ఇచ్చేయి.

జబ్బును దాచాలని చూడకు. ముఖంలో కదలికలు తగ్గితే పొగరనుకుంటారు, చెయ్యి వణికితే తాగాడనుకుంటారు. నిజం చెప్పడమే సుఖం. పెళ్ళి భోజనంలో చెంచా అడిగి తీసుకో, నేను అడుగుతాను. నీ ఆఫీసులోనూ చెప్పు, 2016 నాటి దివ్యాంగుల హక్కుల చట్టంలో ఈ జబ్బు పేరు ఉంది. దేనిమీదా మనసు లేకపోయినా, నిద్రలో అరిచి చేతులు విసిరినా డాక్టరుకు తప్పక చెప్పు, అవి కూడా జబ్బులో భాగాలే, వాటికీ వైద్యం ఉంది.

ఇక మందుల జాగ్రత్త. ఎవరో ఒకరు దూలగొండి పొడి తెచ్చిస్తారు. ఆ గింజల్లో నిజంగానే లెవోడోపా ఉంటుంది, అందుకే దానిని మాత్రకు తోడు సొంతంగా వాడటం ప్రమాదం. అంతకంటే పెద్ద ప్రమాదం వాంతులకు, తల తిరుగుడుకు మందుల షాపులో అడగ్గానే ఇచ్చే మెటోక్లోప్రమైడ్, ప్రోక్లోర్‌పెరజిన్, సినరిజిన్ వంటివి. ఇవి డోపమిన్ పనిని అడ్డుకుని జబ్బును పెంచుతాయి. ఈ మూడు పేర్లు, ఆసుపత్రుల్లో కలవరింతకు ఇచ్చే హాలోపెరిడాల్ పేరు, వాటి కింద నీ మాత్రల పేర్లూ వేళలూ ఒక కాగితం మీద పెద్ద అక్షరాలతో రాయించి, ఒక ప్రతి నీ పర్సులో, ఇంకొకటి మరదలి హ్యాండ్‌బ్యాగులో పెట్టించు. ఏ కారణంతో ఆసుపత్రిలో చేరినా మొదట ఆ కాగితం డ్యూటీ డాక్టరు చేతికివ్వాలి, అక్కడ కూడా నీ మాత్ర నీ వేళకే పడేలా మరదలు దగ్గరుండి చూసుకోవాలి.

ఇట్లు,
అక్కయ్య