షికాగో మ్యూజియాలు: మీ ప్రశ్నలకు మా జవాబులు

ప్రశ్న: జూన్‌లో షికాగోలోని మా అబ్బాయి దగ్గరికి పోతున్నాం. నాకు మోకాళ్ల నొప్పులు, మా ఆయనకు షుగరు. శని, ఆదివారాలే అబ్బాయికి తీరిక. ఏ మ్యూజియం చూడాలి? వివేకానందుడు మాట్లాడిన చోటు కూడా చూడాలని ఉంది.
– ఒక గృహిణి, ప్రొద్దుటూరు

జవాబు: ఆ రెండూ ఒకచోటే తీరతాయమ్మా. 1893 సెప్టెంబరు 11న సర్వమత మహాసభ మొదలైంది ఇప్పటి ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్ మ్యూజియం భవనంలోనే. మిషిగన్ అవెన్యూ వైపు మెట్లకు అటూ ఇటూ కంచు సింహాలుంటాయి, అదే గుర్తు. స్వామీజీ మాట్లాడిన హాలు మాత్రం ఆ సభల కోసం తాత్కాలికంగా వేసింది, ఇప్పుడు లేదు. లోపల దాని కోసం వెతకొద్దు. బయట వీధి స్తంభానికి ‘స్వామి వివేకానంద వే’ అని గోధుమరంగు పలక ఉంటుంది, ఫొటో అక్కడ దిగండి.

లోపల మొదట ఆసియా శిల్పాల వైపు నడవండి. నాగపట్నం నుంచి వెళ్లిన గ్రానైట్ బుద్ధుడు అక్కడ ధ్యానంలో కూర్చుని ఉంటాడు. చోళుల కాలంవాడు, సుమారు 12వ శతాబ్దం. తర్వాత కింది అంతస్తులో థోర్న్ చిట్టి గదులు, మొత్తం 68. అడుగుకు అంగుళం లెక్కన చేసినవి, అంటే మూడడుగుల కుర్చీ అక్కడ మూడంగుళాలే. అద్దంలోంచి తొంగి చూస్తే తివాచీ, దీపస్తంభం, బల్లమీది పింగాణీ అన్నీ కనిపిస్తాయి. బొమ్మల కొలువు పెట్టే చేతులకు అక్కడినుంచి కదలబుద్ధి కాదు.

దిగిన మొదటి వారాంతం పెట్టుకోవద్దు. అక్కడ మధ్యాహ్నం రెండంటే మన దగ్గర రాత్రి పన్నెండున్నర, బెంచీ కనబడితే కునుకే. ఆ తర్వాతి వారం తలుపులు తెరిచే వేళకే పోయి మూడు గంటల్లో బయటపడండి. చక్రాల కుర్చీ ఉచితంగా ఇస్తారు. మొహమాటపడి కాళ్లు ఈడ్చుకుంటూ తిరిగేవాళ్లే సగంలో వెనక్కి వస్తారు. గ్యాలరీల్లో తినడం, తాగడం కుదరదు. ఆయన టిఫిను తిని బయల్దేరాలి, బిస్కెట్లు దగ్గర పెట్టుకుని బయటికి వచ్చి తినాలి.

ప్రశ్న: మ్యూజియాల్లో ఉచిత దినాలు ఉంటాయంటున్నారు. టూరిస్టు వీసా మీద పోయేవాళ్లకూ వర్తిస్తాయా?
– ఒక రిటైర్డ్ టీచరు, కర్నూలు

జవాబు: పెద్ద మ్యూజియాల్లో వర్తించవు. అవి ఇల్లినాయ్ రాష్ట్రంలో నివాసం ఉండేవాళ్లకు, అదీ చిరునామా ఉన్న గుర్తింపు కార్డు చూపిస్తేనే. కొడుకు కార్డు తల్లిదండ్రులకు పనికిరాదు. ఉచితమని పోయి కౌంటరు దగ్గర తెల్లమొహం వేసేది ఇక్కడే. ఎవరికైనా ఎప్పుడూ ఉచితమైనవి లింకన్ పార్క్ జూ, షికాగో కల్చరల్ సెంటర్. రెండోది 1897లో గ్రంథాలయంగా కట్టిన భవనం. పై అంతస్తులో 38 అడుగుల రంగుటద్దాల గుమ్మటం కిందికి పోయి తల పైకెత్తండి చాలు. నాలుగడుగుల దూరంలో మిలీనియం పార్కు, అందులో ముంబైలో పుట్టిన అనీష్ కపూర్ చేసిన ఉక్కు శిల్పం ‘చిక్కుడుగింజ’. బరువు 110 టన్నులు. దానికీ టికెట్టు లేదు.

డబ్బు పెట్టి చూసేవాటికి ఆ వారం సెలవు దినం ఏదో ముందే వెబ్‌సైటులో చూడండి. ఆర్ట్ ఇన్‌స్టిట్యూట్‌ను మంగళ, బుధవారాల్లో మూస్తుంటారు. కొన్ని చోట్లకు కలిపి ఒకే టికెట్టుగా అమ్మే సిటీపాస్ నాలుగైదు చోట్లు తిరిగే ఓపిక ఉంటేనే గిట్టుబాటు.

ప్రశ్న: మా మనవడికి డైనోసార్ల పిచ్చి. ఎక్కడికి తీసుకుపోవాలి?
– అనంతపురం

జవాబు: ఫీల్డ్ మ్యూజియంకు. అక్కడి పేరుమోసిన టి. రెక్స్ డైనోసార్ అస్థిపంజరం పేరు ‘సూ’. పెద్ద హాల్లో మాక్సిమో అనే 122 అడుగుల డైనోసార్ కనబడగానే పిల్లలు ‘సూ’ అదే అనుకుంటారు. అది అచ్చుపోసిన నమూనా. సూ పై అంతస్తులో వేరే గదిలో ఉంది, అవి అసలు ఎముకలు, పొడవు 40 అడుగులు. మన లేపాక్షి నంది 27 అడుగులని గుర్తుచేస్తే బాబుకు కొలత అందుతుంది. సూ మొండేనికి పెట్టిన తల మాత్రం నకలు. అసలు తల మోయలేనంత బరువు కాబట్టి పక్కన అద్దాల పెట్టెలో ఉంచారు, వదలకుండా చూపించండి. షెడ్ అక్వేరియం, ఆడ్లర్ ప్లానిటేరియం పక్కనే ఉన్నాయని అదే రోజు దూరొద్దు. మూడోదానికి వచ్చేసరికి బాబు మీ భుజం మీద ఉంటాడు.