సగం ధర బేరింగు, తెల్లవారుజామున ఆగిన ఏరియేటరు

ప్రశ్న: మాది కాళ్ల మండలం. రెండెకరాల చెరువులో వనామి రొయ్య వేశాను. 60 రోజుల పంట. నీళ్లలోకి గాలి ఎక్కించే రెండు ఏరియేటర్ల మోటార్లకు 6205 సైజు బేరింగులు నాలుగు ఆన్‌లైన్‌లో తెప్పించాను. పేరున్న కంపెనీ డబ్బాలే. భీమవరం షాపులో ఒక్కోటి 300 పైనే చెప్పారు. ఇక్కడ నాలుగూ కలిపి 520కి వచ్చాయి. పదిహేను రోజులకే ఒక మోటారు కీచుమంటోంది, చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది. అమ్మినతను ఫోనెత్తడు. వాపసు గడువు దాటిపోయిందని యాప్‌లో చూపిస్తోంది. ఇవి డూప్లికేట్‌వేనా? డబ్బు వచ్చే దారి ఏమైనా ఉందా?
- ఒక రొయ్యల రైతు

జవాబు: మీ ఉత్తరంలో నంబరు ఉండబట్టి అందిన రోజే ఫోన్ చేశాను. ఆ మోటారు వెంటనే ఆపి వేరేది బిగించుకోమన్నాను. రెండో మోటారులో ఉన్నవి కూడా అదే పార్సిల్‌లోవి, ఇంకా చప్పుడు రాలేదని వాటిని నమ్మొద్దని చెప్పాను. అంత తొందరపెట్టడానికి కారణం ఉంది.

ఉండిలో 26 ఏళ్లుగా మోటారు వైండింగ్ చేస్తున్నాను. ఆరేళ్ల కిందట సీజన్ మధ్యలో బేరింగులు దొరక్క నేనూ ఆన్‌లైన్‌లో పది తెప్పించాను. డబ్బా, సీలు, హోలోగ్రామ్ అన్నీ ఉన్నాయి. మా బావ చెరువు మోటారుకి అందులోవి రెండు వేశాను. 19వ రోజు రాత్రి ఒకటి పట్టేసింది. షాఫ్టు తిరగక వైండింగ్ కాలి షార్టయింది. దాంతో ఫ్యూజు కొట్టేసి, బాగున్న రెండో ఏరియేటరు కూడా ఆగిపోయింది. కాపలా కుర్రాడికి మెలకువ వచ్చేసరికి నాలుగున్నర. నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికంటే తక్కువగా ఉండే వేళ అది. రొయ్యలు గట్టువారన చేరి మూతులు పైకెత్తి తేలుతున్నాయి. మేం జనరేటరూ ఇంకో మోటారూ మోసుకెళ్లేలోపు సగం పంట పోయింది. బావ నన్ను ఒక్క మాట కూడా అనలేదు. అన్నా బాగుండేది.

ఆ బేరింగును పుల్లర్‌తో లాగి, రేకు మూత పిన్నుతో లేపి చూశాను. పైన తెల్లటి కొత్త గ్రీజు. గుడ్డతో తుడిస్తే దాని కింద నల్లగా పాత గ్రీజు. గోళీల మీద గోటికి తగిలే గుంటలు. బయటి రింగు మీద కంపెనీ పేరు చక్కగా ఉంది. ఎండలో వాల్చి చూస్తే మాత్రం ఆ పేరు కింద అరగదీసిన ఇంకో నంబరు నీడలా కనిపించింది. ఎక్కడో తిరిగి తిరిగి అరిగి తుక్కులోకి వెళ్లిన దానికి పాలిష్ పట్టి, పేరు చెక్కి, కొత్త డబ్బాలో పెట్టి మనకు పంపారన్నమాట. ఏరియేటర్ మోటారు నిమిషానికి దాదాపు 1440 చుట్లు తిరుగుతుంది. గంటకు 86 వేల పైమాటే. గుంటలు పడిన గోళీలు ఆ పరుగుకు ఎన్నాళ్లు ఆగుతాయి?

మీ బేరింగులనూ ఇలాగే విప్పి చూడండి. కొలతలు సరిపోయాయి కదా అని అసలువే అనుకోకండి. 6205 అంటే లోపలి రంధ్రం 25, బయట 52, మందం 15 మిల్లీమీటర్లు. ఏ దొంగ సరుకైనా ఈ లెక్కకు సరిగ్గానే ఉంటుంది. డబ్బాను బట్టీ తేల్చలేం, అచ్చు వేయించడం ఎంతసేపు! కంపెనీనే అడగడం మంచిది. బేరింగులు చేసే ఎస్‌కేఎఫ్ కంపెనీకైతే అథెంటికేట్ అనే యాప్ ఉంది. అందులో చెప్పినట్టు డబ్బాకీ బేరింగుకీ ఫోటోలు తీసి పంపితే వాళ్ల నిపుణులు చూసి చెబుతారు. మీది వేరే కంపెనీ అయితే వాళ్ల కస్టమర్ కేర్‌కు ఫోటోలు పంపి, జవాబు రాతపూర్వకంగా తీసుకోండి. ఆ కాగితమే మీకు బలం.

ఇక డబ్బు సంగతి. వాపసు గడువు అయిపోయిందన్న మాటతో ఆగిపోకండి. అది సరుకు నచ్చనప్పుడు పెట్టే గడువు, నకిలీ అంటగట్టినప్పుడు దాని చాటున తప్పించుకోవడం కుదరదు. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం అమ్మేవాడి పేరు, చిరునామా వెబ్‌సైటులో చూపించాలి. ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందిందని చెప్పి, నెలలోపు పరిష్కరించాలి. ముందు యాప్‌లోనే రాతపూర్వకంగా ఫిర్యాదు పెట్టండి. తర్వాత 1915కి ఫోన్ చేయండి. అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్, తెలుగులో మాట్లాడవచ్చు.

మీలాంటి రైతులను ఒక మాటతో భయపెడతారు. "మీరు వ్యాపారానికి కొన్నారు, వినియోగదారుడు కిందికి రారు" అంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలోనే దీనికి జవాబుంది. సొంత కష్టంతో బతుకుతెరువు కోసం కొనుక్కున్నది వాణిజ్యం కిందికి రాదు. సొంతంగా చెరువు చేసుకునే రైతు ధైర్యంగా ఆ మాట చెప్పవచ్చు. జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్లడానికి రెండేళ్ల గడువుంది. సరుకు విలువ 5 లక్షల లోపైతే ఫీజు లేదు. నకిలీ పేరుతో అమ్మినవాడికి ట్రేడ్ మార్కుల చట్టం కింద ఆరు నెలల నుంచి మూడేళ్ల దాకా జైలు ఉంది. బేరింగులు, డబ్బాలు, బిల్లు, పార్సిల్ మీది చీటీ ఏదీ పారేయకండి. వాటిని ఇంకొకరికి అమ్మడం మాత్రం వద్దు, అవి ఇంకో చెరువులోకే చేరతాయి.

షాపుల్లో డూప్లికేట్ ఉండదని నేననను. కాకపోతే షాపతను రేపు కూడా అక్కడే కూర్చుంటాడు. కంపెనీ వెబ్‌సైటులో అధీకృత డీలర్ల పేర్లు ఉంటాయి, అది చూసుకుని జీఎస్టీ బిల్లుతో కొనండి. ఆన్‌లైన్‌లోనే కొనాల్సి వస్తే అమ్మేవాడి పేరు ఆ జాబితాతో పోల్చి చూడండి. పార్సిల్ విప్పేటప్పుడు చీటీ కనిపించేలా మొదటి నుంచీ వీడియో తీయండి.

ప్రశ్న: మా ఆయన మస్కట్‌లో ఉంటారు. ఫోన్ ఛార్జర్ పాడైతే పెద్ద కంపెనీదని 199కి ఆన్‌లైన్‌లో కొన్నాను. రాత్రి ఛార్జింగ్ పెడితే కాలుతోంది, ప్లాస్టిక్ వాసన వస్తోంది. వాడవచ్చా?
- ఒక పాఠకురాలు, రాజోలు

జవాబు: వద్దు చెల్లెమ్మా, ఇవాళే తీసేయండి. వాసన వచ్చిందంటే లోపల ఏదో మాడుతోంది. డూప్లికేట్ ఛార్జర్లలో 230 వోల్టుల వైపుకీ, మీ చేతిలోని ఫోను వైపుకీ మధ్య ఉండాల్సిన ఎడం సరిగ్గా ఉంచరు. అది షాక్ కొట్టించగలదు, పరుపు అంటించగలదు. ఛార్జర్ మీద ఐఎస్ నంబరు, దాని దగ్గరే ఆర్ అనే అక్షరం, తర్వాత ఎనిమిది అంకెలు ఉండాలి. సరుకుల నాణ్యత చూసే ప్రభుత్వ సంస్థ బీఐఎస్ వాళ్ల బీఐఎస్ కేర్ యాప్‌లో ఆ నంబరు కొడితే ఏ కంపెనీదో, ఏ వస్తువుకు ఇచ్చారో వస్తుంది. నంబరు ఉంది కదా అని ఊరుకోకుండా కొట్టి చూడండి, వేరే కంపెనీ నంబరు అచ్చేసినవి నా దగ్గరికి చాలా వచ్చాయి. డబ్బు వాపసు కోసం ఇంటర్నెట్‌లో కనిపించిన కస్టమర్ కేర్ నంబరుకు ఫోన్ చేయకండి, యాప్‌లో ఉన్నదానికే చేయండి. ఎవరైనా ఓటీపీ అడిగి డబ్బు లాగేస్తే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి చెప్పండి. కొత్త ఛార్జర్ వచ్చేదాకా ఇంట్లో వేరే ఫోనుతో వచ్చిన ఛార్జర్ ఉంటే దానితో నడిపించండి. మీ ఆయనతో మాట్లాడేటప్పుడు మాత్రం ఫోను ఛార్జింగ్‌లో పెట్టి చెవి దగ్గర ఉంచుకోకండి.